గెడ్డ వంతెన కింది పెంటకుప్ప: ఒక సరిహద్దు పట్టణంలో చెత్తను ఏరి చూసిన అనుభవం

దక్షిణ ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాలు ఆంధ్రను ఒరుసుకొని ఉండే ప్రాంతంలో, వంశధారలో కలిసే ఒక గెడ్డ ఒడ్డున ఉన్న చిన్న పట్టణంలో నేను 2022 ఆగస్టు నుంచి 2023 జూన్ వరకు పురపాలికకు ఘన వ్యర్థాల విషయంలో సాంకేతిక సహాయకుడిగా పనిచేశాను. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో చెప్పబోయే పొరపాట్లలో కొన్ని నావి, కొన్ని ఇప్పటికీ అక్కడే ఉద్యోగం చేస్తున్నవారివి. ఆ ఊళ్లో కార్యాలయ వ్యవహారం ఒడియాలో సాగుతుంది, బజారు బేరం తెలుగులో సాగుతుంది, వారపు సంత నాడు కొండ దిగివచ్చే సవరల మాట ఆ రెంటి మధ్యా వినబడుతుంది. చెత్త వేరుచేయడానికీ ఈ భాషల సంగతికీ సంబంధం ఉంటుందని మొదటి నెలలో నాకు తోచనే లేదు.

నాకు అప్పగించిన పని చూడడానికి చిన్నది. ఆంధ్ర వైపు వెళ్లే రోడ్డు మీద గెడ్డను దాటే పాత వంతెన ఒకటి ఉంది. దాని కింద, ఊరివైపు ఒడ్డున, రోడ్డు మట్టం దాకా పెరిగిన పెంటకుప్ప ఉంది. దాన్ని తీయించాలి, మళ్లీ పడకుండా చూడాలి. అంతకుముందు అనేకసార్లు జేసీబీతో ఎత్తించారు, ఎత్తించిన పక్షం రోజులకు కుప్ప మళ్లీ మొలిచేది. "ఇక్కడ చెత్త వేయరాదు" అని ఒడియాలోనూ తెలుగులోనూ ఫ్లెక్సీ కట్టారు, ఆ ఫ్లెక్సీని ఎవరో చింపుకుపోయి పశువుల పాకకు కప్పుకున్నారు. గోడకు దేవుళ్ల బొమ్మలున్న పలకలు అతికించారు. దేవుడికి అడ్డం రాకుండా నాలుగడుగులు పక్కకు జరిగి వేయడం మొదలైంది.

కుప్ప పుట్టుక గురించి పెద్దలు చెప్పిన మాట ఒక్కటే: తిత్లీ. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటిన ఆ తుపాను గజపతి, రాయగడ జిల్లాల మీదుగా పోతూ కుండపోత కురిపించింది. కూలిన కొబ్బరి మానులు, పగిలిన పెంకులు, ఎగిరిపోయిన సిమెంటు రేకుల ముక్కలు ఎక్కడ పోయాలో తెలియక జనం వంతెన పక్కన పోశారు. అప్పటికది తప్పు కూడా కాదు, ఇళ్లలోకి దారి కావాలి. తరువాత ఆ శిథిలాలను ఎవరూ ఎత్తలేదు. శుభ్రమైన చోట మొదటి సంచి వేయడానికి మనిషి వెనకాడతాడు, అప్పటికే గుట్టగా ఉన్నచోట రెండో సంచికి ఆ వెరపు ఉండదు.

ఒడిశా పట్టణాల చెత్త ఏర్పాటు ఎరగనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఊరి బయట ఒకే పెద్ద యార్డుకు అంతా తోలే పద్ధతిని వదిలి, ఈ రాష్ట్రం ఊళ్లోనే చిన్నచిన్న కేంద్రాలు కట్టే దారి పట్టింది. కుళ్లే చెత్త మైక్రో కంపోస్టింగ్ సెంటరుకు, కుళ్లనిది, అందులో తిరిగి వాడదగినదాన్ని ఏరే మెటీరియల్ రికవరీ ఫెసిలిటీకి వెళ్తాయి. ఈ కేంద్రాల పని రాష్ట్ర ప్రభుత్వ మహిళా కార్యక్రమమైన మిషన్ శక్తి కింది మహిళా స్వయం సహాయక సంఘాల చేతిలో ఉంటుంది. బ్యాటరీ బండి ఇంటింటికీ తిరుగుతుంది, స్వచ్ఛ సాథి అనే సంఘం మహిళ దాని వెంట నడిచి చెత్త వేరుచేసి ఇచ్చారో లేదో చూస్తుంది. తయారైన ఎరువును "మో ఖత", అంటే "నా ఎరువు" అనే పేరుతో అమ్ముతారు. నేను చూసిన ఏర్పాట్లలో ఇది మంచిదని ఇప్పటికీ అంటాను. బండి రోజూ వచ్చేది, డ్రైవరు సెలవు పెడితే బదులు మనిషి వచ్చేవాడు. అయినా వంతెన కింద కుప్ప ఉంది, రోజూ పెరుగుతూ ఉంది. కార్యాలయంలో అందరిదీ ఒకే సమాధానం: జనానికి అవగాహన లేదు. నేనూ మొదటి రెండు నెలలు ఆ మాటే నమ్మి, వార్డుల వెంట సమావేశాలు పెట్టి, గృహిణులకు రెండు రంగుల బుట్టలు చూపిస్తూ తిరిగాను. కుప్పలో ఒక్క తట్ట తగ్గలేదు.

కుప్పను ఏరిన ఎనిమిది రోజులు

నవంబరులో కుప్పను మళ్లీ ఎత్తించి, ఆ మరునాటి నుంచి ఎనిమిది రోజులపాటు అక్కడ పడ్డ ప్రతిదాన్నీ టార్పాలిను మీదికి లాగి ఏరించాం. ఎనిమిది రోజులు పెట్టుకున్నది ఒక సంత రోజు, ఒక ఆదివారం, కనీసం ఒక పెళ్లి ముహూర్తం అందులో కలవాలని. పనిలో నలుగురు స్వచ్ఛ సాథీలు, ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు, నేను; పరికరాలు ఒక వేలాడే కాటా, ఇనుప పళ్ల గొర్రు, చేతి తొడుగులు. ఆ తొడుగులు మగవాళ్ల కొలతవి. వేళ్ల చివర బొటనవేలంత గుడ్డ మిగిలిపోతుంటే పట్టు చిక్కక, ఆడవాళ్లు రెండో రోజే వాటిని తీసి పక్కన పెట్టి వట్టి చేతులతో ఏరసాగారు. చేతికి సరిపోయే తొడుగులు తెప్పించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, అప్పటికి ఏరడం అయిపోయింది. ఈ కేసులో నేను సిగ్గుపడే విషయం అది.

సాధారణంగా ఇలాంటి పరిశీలనలో చెత్తను పదార్థాన్ని బట్టి విడదీస్తారు: ఆహారం, కాగితం, ప్లాస్టిక్కు, గాజు, గుడ్డ. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఒక పెద్ద స్వచ్ఛ సాథి, సంతలో ఏళ్ల తరబడి కూరలమ్మిన మనిషి, మొదటి పూటే నా కాగితం చూసి, "ఇది ఏటో తెలిస్తే మీకేటొస్తాది బాబూ, ఎవులేసేరో తెలియాల గాని" అంది. అప్పటి నుంచి పట్టికలో గడులు మారాయి. పదార్థం పేరు తీసేసి, వేసినవారు ఎవరై ఉండవచ్చునో ఆ పేరు పెట్టాం. అరటి గెల కాడలు, క్యాబేజీ ఆకులు కూరల బజారువి. ఈకలు, పేగులు మాంసం కొట్లవి. పసుపు మరకల థర్మోకోల్ పళ్లేలు, ఒకే కంపెనీ నీళ్ల గ్లాసులు వందల్లో పడితే అది కల్యాణ మండపం. కత్తిరింపు పీలికలు దర్జీవి, వెంట్రుకలు మంగలి కొట్టువి. కిరాణా సంచిలో రెండు ముళ్లు వేసి పడేసినవి ఇళ్లవి.

రెండో రోజు నుంచే తేలిన విషయం ఏమిటంటే, బరువులో ఇళ్ల వాటా మేమనుకున్నదాని కంటే చాలా తక్కువ. అవగాహన సమావేశాలన్నీ ఇళ్లవారికి, కుప్ప మాత్రం ప్రధానంగా ఏడు కోడిమాంసం కొట్లది, రెండు మండపాలది, సంతది. ఇళ్ల సంచులలోనూ రెండే రకాలు కనిపించాయి. ఒక రకంలో ఎండుచేపల తలలు, చద్దన్నం, బీడీ ముక్కలు, రెండో రకం నల్ల సంచులలో చంటిపిల్లల డైపర్లు మాత్రమే. ఊరంతా ఇక్కడికి వచ్చి చెత్త వేయడం లేదు, కొందరే వేస్తున్నారు, వారిలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క కారణం ఉంది.

కోడి కొట్లు, కూలి వీధి, డైపర్లు

కోడి కొట్ల వారికి అంతకుముందు జరిమానాలు వేశారు. వారు కట్టారు, మళ్లీ వేశారు. ఎనిమిది రోజుల పట్టిక చేతిలో పెట్టుకొని ఒక కొట్టు యజమానితో కూర్చున్నప్పుడు ఆయన చెప్పినది ఇంతే: "మీ బండొచ్చినేలకి నానింకా కోడి కొయ్యనేదు బాబూ. మద్దినేల మిగిలిన పేగులు రేపటిదాకా కొట్లో ఉంచితే గిరాకీ వస్తాదేటి?" బండి బజారుకు ఉదయం ఏడు గంటలకు వస్తుంది. కోత ఎనిమిదికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఆదివారం మరీ ఆలస్యం. మధ్యాహ్నం మిగిలిన పేగులకు ఊళ్లో వంతెన తప్ప చోటు లేదు. బండి వేళ వేసినవాడెవడూ కోడి కొట్టుకు వెళ్లి మాంసం కొన్న పాపాన పోలేదు కాబోలు. నేనూ ఆ జాబితాలో ఉన్నాను.

కొట్టుకొక మూతగల డ్రమ్ము వారి చేతే కొనిపించి, మధ్యాహ్నం రెండింటికి వేరే బండి పెట్టి, దాని ఖర్చు కొట్ల వారి నెల రుసుము నుంచి రాబట్టాం. తరువాతి చిక్కు ఆ పేగులను ఏం చేయాలన్నది. చేపల చెరువులకు వేసుకుంటామని అవతలి నుంచి ఒకరిద్దరు అడిగారు. ఆ దారి తొక్కరాదని నేను పట్టుబట్టాను, పచ్చి మాంస వ్యర్థాలు చెరువులో వేస్తే నీరూ చేపా రెండూ చెడతాయి. కంపోస్టు తొట్టిలో వేయమని ఒకరు సూచించారు. రంపపు పొట్టు, ఎండుటాకు వంటి కర్బనం బాగా కలిపి, తొట్టి లోపలి వేడి 55 డిగ్రీలకు తగ్గకుండా కొన్ని రోజులు నిలపగలిగితే అది సాధ్యమే, కానీ కుక్కల బెడద, వాసన, పక్కింటివారి తగవు దాటి మా కేంద్రం దాన్ని నిలపలేదని నా అంచనా. ఆఖరికి గెడ్డకు దూరంగా, భూగర్భ జలం లోతుగా ఉన్న మెరక నేలలో గొయ్యి తీయించి, పొర పొరకూ సున్నం, మట్టి వేసి పూడ్చే పద్ధతికి వచ్చాం. ఇది గొప్ప పరిష్కారమని చెప్పను. గోతులకు స్థలం ఎప్పటికైనా అయిపోతుంది.

ఎండుచేపల తలలు మమ్మల్ని ఒకే వీధికి తీసుకువెళ్లాయి. అది కూలి వీధి. ఆడామగా అందరూ తెల్లవారకముందే పొలం పనులకో, అవతలి ఒడ్డున జీడిపిక్కలు ఒలిచే చోట్లకో వెళ్లిపోతారు. "కోడి కూయకముందే పన్లోకెల్లిపోతాం. మీ బండి పాట మేమిన్నదెప్పుడు?" అని ఒకామె నవ్వుతూనే అడిగింది. పనికి వెళ్లే దారి వంతెన మీదుగానే కాబట్టి, చేతిలోని సంచి అక్కడ జారవిడవడం వారికి అదనపు శ్రమ కూడా కాదు. సాయంత్రం బండి తిప్పుదామంటే, చీకటి పడ్డాక ఆ వీధి చివరి దాకా రావడానికి సాథీలు ఒప్పుకోలేదు, వారిని బలవంతపెట్టే హక్కు నాకు లేదు. వీధి మొదట్లో ఇంటి పట్టునే ఉండే ఒక ముసలమ్మ వాకిట్లో రెండు మూతల డ్రమ్ములు పెట్టి, ఉదయం బండికి ఆమె అందించేలా, అందుకు నెలకు కొంత ముట్టేలా ఏర్పాటు చేశాం. రోడ్ల మీద చెత్త తొట్లు ఉండరాదన్నది పట్టణాలకు పైనుంచి వచ్చే ఆదేశాల సారాంశం, తొట్టి కనబడితే పట్టణాల పరిశుభ్రత పోటీలో ర్యాంకు తగ్గుతుందని భయం కూడా ఉంది. తొట్లు లేని ఊరు అందరూ ఏడింటికి ఇంట్లో ఉండే ఊరికి సరిపోతుంది. ముసలమ్మ వాకిలి ఆమె సొంత స్థలం, రోడ్డు కాదు అని ఫైలులో రాసుకొని ముందుకు వెళ్లాం.

డైపర్ల సంచుల కారణం మరీ మావైపుదే. బ్యాటరీ బండిలో రెండే అరలు. డైపరు ఇస్తే సాథి తీసుకునేది కాదు: తడి అరలో వేస్తే ఎరువు చెడుతుంది, పొడి అరలో వేస్తే ఏరేవారి చేతికి అంటుతుంది. వద్దన్నదాన్ని ఇల్లాలు ఇంట్లో దాచుకోదు కదా. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను మూడుగా విడదీయమన్నాయి, డైపర్లు, సానిటరీ ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వమన్నాయి, వాటిని చుట్టే సంచిని తయారీదారే ఇవ్వాలని కూడా అన్నాయి. ఆ సంచి మా ఊరి దుకాణాలలో నాకు కనబడలేదు. బండి పక్కన కొక్కేనికి ఎర్ర బకెట్టు ఒకటి వేలాడదీసి, పాత వార్తాపత్రికలో చుట్టి అందులో వేయమన్నాం. వారం తిరిగేసరికి వంతెన కింద నల్ల సంచులు దాదాపు పోయాయి. ఇంత చవకగా తీరిన సమస్య ఈ కేసులో మరొకటి లేదు.

తడి అంటే ఏది, పొడి అంటే ఏది

ఇళ్ల నుంచి బండికి వచ్చే చెత్తలోనూ కలగాపులగం ఎక్కువగా ఉండేది. అక్కడే భాష సంగతి బయటపడింది. బండి పాట ఒడియాలో "ఓదా అళియా, శుఖిలా అళియా" అంటుంది, మేము తెలుగులో "తడి చెత్త, పొడి చెత్త" అంటాం. ఈ మాటలు అధికారులకు ఒక అర్థంలో, వంటింట్లో ఉన్నవారికి మరో అర్థంలో వినిపిస్తాయి. ఒక ఇంటి ముందు పొడి బుట్ట నిండా ఉల్లి తొక్కలు, వెల్లుల్లి పొట్టు, ఎండిన పూలదండలు చూసి ఇది తడి చెత్తమ్మా అన్నాను. "ఎండిపోయిన ఉల్లితొక్క తడిదెలాగవుద్ది బాబూ?" అని ఆమె అడిగింది. తడి బుట్టలో అప్పుడే కత్తిరించిన పాల పాకెట్టు ఉంది, నిజంగానే అది తడిగా ఉంది. ఆమెకు తెలుగు సరిగ్గా వచ్చు కాబట్టే మా వర్గీకరణ తప్పింది.

ఆ రోజు నుంచి మాట మార్చాం. కుళ్లేది, కుళ్లనిది. ఒడియాలో సాథీలు "పచే, పచే నాహీఁ" అనడం మొదలుపెట్టారు. కుళ్లడం అంటే ఏమిటో వివరించనక్కరలేదు, పెరట్లో పెంటగొయ్యి ఎరిగిన ప్రతివారికీ తెలుసు. పాటను మార్చడానికి నాకు అధికారం లేదు కాబట్టి పాట అలాగే ఉంది, దాని మీద సాథి గొంతు వినబడేది. నెల లోపల కంపోస్టు కేంద్రంలో ఏరే పని సగం పూటకు తగ్గిందని అక్కడి సంఘం అధ్యక్షురాలు చెప్పింది. దీన్ని నేను కొలవలేదు, ఆమె మాటగానే ఇక్కడ రాస్తున్నాను.

ఎరువు విషయం

కేంద్రంలోని ఇటుక తొట్లు నేను వెళ్లేనాటికి కంపు కొడుతుండేవి. బజారు కూరగాయల చెత్తలో నీరు మరీ ఎక్కువ. కంపోస్టుకు తేమ 50 నుంచి 60 శాతం మధ్య, కర్బనం నత్రజనికి ఇరవై అయిదు, ముప్ఫై రెట్లు ఉండాలి. వట్టి ఆకుకూరలు, టమాటాలు పోసుకుంటూ పోతే ఆ లెక్క కుదరదు, గాలి ఆడక పులిసిపోతుంది. కర్బనం కోసం మొదట రైసు మిల్లు ఊక తెచ్చాం, చవకగా దొరికింది. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి నెలన్నర దాటినా ఊక ఊకలాగే ఉంది. ఎవరో మంచి మనసుతో జీడిపిక్కల తొక్కలు ఒక బండెడు పంపితే, వాటిని కలిపిన ఇద్దరికి జీడి నూనె అంటి అరచేతులు పొక్కాయి. ఆ బండిని తిరిగి పంపించాం. ఆఖరికి రోడ్ల మీద ఊడ్చిన ఎండుటాకు, కోత మిల్లు పొట్టు కుదిరాయి. అప్పటిదాకా ఆ ఎండుటాకును కార్మికులు తెల్లవారుజామున తగలబెట్టేవారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు కట్టాలి. ఆ లెక్కన మొదటి జరిమానా పురపాలికే కట్టుకోవలసి వచ్చేది.

ఎరువు బాగా వచ్చింది, కానీ వరి రైతులు తీసుకోలేదు. ఉచితంగా ఇస్తామన్నా తీసుకోలేదు. పట్టణపు ఎరువులో పోషకాలు తక్కువనో, భార లోహాలు ఉంటాయనో వారి అభ్యంతరం కాదు. ఊడ్పులప్పుడు ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో వట్టి కాళ్లతో దిగుతారు, అందులో ఒక్క గాజు పెంకు, ఒక్క బ్లేడు ముక్క ఉంటే చాలు. ఈ మాట విన్నాక నేను మళ్లీ వరి రైతుల జోలికి వెళ్లలేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలంటుంది. మేము అంతా ఆ జల్లెడకే పట్టించి, పైన మిగిలినదాన్ని తిరిగి తొట్టిలో వేసి, కింద పడ్డదాన్ని పెరటి తోటలకు, మొక్కల నర్సరీలకు, జీడి మామిడి పాదులకు పంపించాం. కుండీలో బ్లేడు ముక్క కనబడితే ఇల్లాలు తిడుతుంది, కానీ కాలు తెగదు. అన్నట్టు, బ్లేడ్లు ఎక్కడి నుంచి వచ్చేవంటే మంగలి కొట్ల నుంచి. వారికి నూనె డబ్బాలు ఇచ్చి, బ్లేడ్లు అందులో వేసి నిండాక ఇవ్వమన్నాం.

మండపాలు, సంత, అవతలి ఒడ్డు

కల్యాణ మండపాల సంగతి త్వరగా తేలింది. రోజుకు వంద కిలోలకు మించి చెత్త పుట్టించేవారిని ఆ 2016 నియమాలు విడిగా చూసేవి, వారి కుళ్లే చెత్తను వీలైనంతవరకు వారి ఆవరణలోనే చూసుకోమనేవి. మండపం కాని చోట వందమందికి మించి చేరే వేడుక చేస్తే మూడు పని దినాల ముందు పురపాలికకు చెప్పాలన్న నియమం కూడా ఉండేది. దాన్ని ఎవరికీ చెప్పిన దాఖలా లేదు. మండపాల లైసెన్సు మార్చిలో మళ్లీ రాయించుకోవలసి రావడంతో వారు దారికి వచ్చారు. థర్మోకోల్ పళ్లేలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం అయిన వస్తువులలో ఉన్నాయి. అయినా అవి వస్తూనే ఉండేవి, అడ్డాకు విస్తళ్లు పక్క కొండ మీద కుడుతుంటే ఇవి ఎక్కడి నుంచో లారీ ఎక్కి రావడం నాకు మింగుడుపడేది కాదు. ఒక మండపం యజమాని చెప్పిన కారణం కొట్టిపారేయలేనిది: అడ్డాకు వానాకాలంలో బూజు పడుతుంది, ముహూర్తాలు మాత్రం ఆగవు.

సంత చెత్త, అవతలి ఒడ్డు ఒకే సమస్యకు రెండు ముఖాలు. సంతలో కూరలమ్మేవారిలో చాలామంది గెడ్డ దాటి వస్తారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అవతలి ఊళ్లు పార్వతీపురం మన్యం జిల్లా కిందికి వెళ్లాయి. అమ్ముడుపోనిది మోసుకుపోలేక పోతూ పోతూ వంతెన మీదినుంచి పారబోస్తారు. మా కాపలా మనిషి పట్టుకుంటే "నేను ఆంధ్రవాణ్ణి, ఒడియా రశీదు నాకెందుకు" అనేవారు. కుప్ప మా ఒడ్డున ఉంది, వేసే మనిషి ఓటు ఆ ఒడ్డున ఉంది. రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం రాయించాలని నేను ఒక లేఖ ముసాయిదా కూడా తయారుచేశాను, అది ఇప్పటికీ ఎక్కడో ఒక బల్ల మీద ఉండి ఉంటుంది.

పని జరిగింది టీ కొట్టులో. అవతలి పంచాయతీ పెద్దలు, మా వార్డు కౌన్సిలరు, నేను, మా సాథీలూ, వారి గ్రీన్ అంబాసిడర్లు అనే పారిశుద్ధ్య కార్మికులూ ఒక మంగళవారం కూర్చున్నాం. ఆంధ్ర పంచాయతీలకు వారి చెత్త షెడ్డు, మూడు చక్రాల బండి, దాన్ని తొక్కే గ్రీన్ అంబాసిడరు ఉన్నారు. మా బండి రాష్ట్రం దాటితే దాని లాగ్ పుస్తకంలో రాసుకోలేం, వారి బండి ఇవతలికి వస్తే వారికీ అదే ఇబ్బంది. కాబట్టి సంత ముగిసే వేళకు మా బండి వంతెనకు ఇటు చివర, వారి బండి అటు చివర ఆగుతాయి. అమ్మేవాళ్లు తమ దారిలో ఏది ముందు వస్తే అందులో వేస్తారు. ఎవరి చెత్త ఎవరి బండిలో పడింది అని లెక్క చూసుకోకూడదు అన్నదొక్కటే షరతు. మిగిలిపోయిన ఆకుకూరలను మాత్రం అవతలి పశువుల కాపర్లు బండి దాకా రానివ్వరు, ముందే తీసుకుపోతారు. వీధి వ్యాపారులు తమ చెత్తకు తామే డబ్బా పెట్టుకోవాలని నియమం ఉండేది. తట్ట నెత్తిన పెట్టుకొని ఆరు మైళ్లు నడిచి వచ్చే మనిషిని డబ్బా కూడా తెమ్మనడానికి నాకు నోరు రాలేదు.

తీరనివి

పలచని ప్లాస్టిక్కు సంచుల విషయంలో మేము ఓడిపోయాం. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని చేతి సంచులు అమ్మరాదు. మా ఊళ్లో మైక్రాన్లు కొలిచే పరికరం ఒక్కటీ లేదు, తనిఖీ సిబ్బంది వేళ్లతో నలిపి చూసి చెప్పేవారు. దాడి జరిగిన రోజున దుకాణాల్లో ఒక్క సంచీ కనబడేది కాదు, మరునాడు మళ్లీ అవే. పట్టుబడ్డ సంచులు, బిస్కట్లు, చిప్సుల పొరల పాకెట్లు మా రికవరీ కేంద్రంలో పేరుకుపోయాయి. పాత సామాను కొనేవారు వాటిని తీసుకోరు. కేలరీ విలువ కిలోకు 1500 కిలోకేలరీలు దాటిన, తిరిగి వాడుకోలేని చెత్తను పూడ్చరాదని, సిమెంటు బట్టీల వంటి వాటికి పంపాలని 2016 నియమాలు అన్నాయి. పంపడానికి ఒక లారీ నిండాలి, అంత పోగు కావడానికి చిన్న ఊరికి నెలలు పడుతుంది, ఈలోగా షెడ్డులో ఏరేవారికి నిలబడే చోటు ఉండదు. నాలుగైదు చిన్న ఊళ్లు కలిసి ఒకే లారీ నింపుకోవాలని రాశాను. ఏ ఊరి షెడ్డులో పోగేయాలన్న దగ్గర ఆ మాట ఆగిపోయింది.

కుప్ప లెక్క ఇది. మార్చి నాటికి కోడి వ్యర్థాలు, మండపాల పళ్లేలు, డైపర్లు పడడం దాదాపు ఆగింది. కూలి వీధి సంచులు తగ్గాయి, కానీ ఏప్రిల్‌లో ముసలమ్మ జ్వరంతో పది రోజులు మంచాన పడితే డ్రమ్ములు లోపలే ఉండిపోయి, సంచులు మళ్లీ వంతెన దగ్గర కనబడ్డాయి. ఆమె పక్కింటి కోడలికి ఆ పని కలిపి అప్పగించాం. ఇలాంటి ఏర్పాటు ఒక మనిషి ఒంట్లో బాగుండడం మీద నిలబడి ఉంటుందని నాకు ముందే తోచి ఉండవలసింది.

పైపొర పోయాక అడుగున మిగిలింది తిత్లీ నాటి శిథిలం: పెంకులు, సిమెంటు రేకుల ముక్కలు, మట్టిలో కూరుకుపోయిన కొబ్బరి మొద్దులు. కట్టడాల వ్యర్థాలకు 2016లోనే వేరే నియమాలు వచ్చాయి, కాబట్టి ఘన వ్యర్థాల డబ్బుతో వాటిని ఎత్తరాదని లెక్కల విభాగం అభ్యంతరం చెప్పింది. తుపాను సహాయం కింద ఎత్తిద్దామంటే ఆ పద్దు ఎప్పుడో మూసేశారు. సిమెంటు రేకుల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక కూలీలతో తవ్వించవద్దని, తడిపి, గుడ్డ కప్పి, యంత్రంతోనే ఎత్తించాలని రాసి ఇచ్చాను. జూన్‌లో నేను ఆ ఊరు విడిచే నాటికి ఆ ఫైలు ఇంజినీరు దగ్గర ఉంది. తొలకరి పడింది, గెడ్డలో నీళ్లు వచ్చాయి, వంతెన కానాలలో ఈసారి సంచులు అడ్డుపడలేదు. పెంకుల గుట్ట మీద, ఎప్పటి చెత్తలోని గింజో, ఒక గుమ్మడి తీగ పాకుతూ ఉంది.